రుచివాసన ద్రవ్యములు – ఎలుకలపై జరిగిన పరీక్షలు

మన సంఘ సభ్యులలో పలువురు కొంతకాలముగా మమ్ము ఒక ప్రశ్న అడుగుచున్నారు. ఫలానా ఎసెన్సు తినిన ఎలుకలకు రాచపుండు పుట్టినదని ఒకనాడు పత్రికలో చదువుదుము. మఱునాడు అదే ద్రవ్యము నిరపాయమని వేఱొకరు వ్రాయుదురు. ఇందులో నమ్మదగినది ఏది? ఎలుకకు చేటు చేసినది మనుష్యునకును చేటు చేయునా? ఎలుక ఎక్కడ, మనమెక్కడ అని త్రోసిపుచ్చవచ్చునా? ఈ ప్రశ్నకు ఒక్కమాటలో ఉత్తరము చెప్పుటకు వీలులేదు. కావున పరీక్షలు జరుగు విధమును, వానిలో బయటపడిన సంగతులను, మన వంటింటికి సంబంధించినంతవఱకు ఇక్కడ వివరించుచున్నాము.

రుచివాసన ద్రవ్యములనగా బలము కొఱకు గాక రుచి కొఱకును, వాసన కొఱకును ఆహారమున కలుపబడునవి. ఏలకులు, లవంగములు, దాల్చినచెక్క మొదలగునవి మన పెద్దల కాలమునుండి ఉన్నవే. వానినుండి తీసిన నూనెలును, కర్మాగారములలో తయారైన ఎసెన్సులును తరువాత వచ్చినవి. మొదటివి స్వాభావికములు గనుక మంచివి, రెండవవి కృత్రిమములు గనుక చెడ్డవి అని తలచువారు మనలో చాలమంది కలరు. ఈ భేదము అంత నమ్మదగినది కాదు. ఈ వ్యాసములో మేము చెప్పబోవు వానిలో మిక్కిలి అపకారి అని తేలినవి చెట్టు బెరడులోను, వేరులోను, గింజలోను స్వభావముగా ఉన్నవే.

పరీక్ష జరుగు విధము రైతునకు క్రొత్త గాదు. క్రొత్త ఎరువును పరీక్షించునప్పుడు ఒక మడిని ఎరువు వేయక విడిచి, తక్కిన మడులకు వేర్వేఱు మోతాదులు వేసి, పంట కొలిచి చూతుము గదా. పరిశోధనశాలలో మడులకు మాఱుగా ఎలుకల గుంపులుండును. ఒక గుంపునకు ఉత్త మేత మాత్రమే పెట్టుదురు. మిగిలిన గుంపులకు అదే మేతలో ఆ ద్రవ్యమును కొద్దిగా, హెచ్చుగా, మిక్కిలి హెచ్చుగా కలిపి పెట్టుదురు. ఎలుక ఆయుర్దాయము రమారమి రెండు మూడు సంవత్సరములే గనుక రెండేండ్ల పరీక్ష దాని జీవితకాలములో చాలభాగమునకు సరిపోవును. మనుష్యునియందు అరువదియేండ్లకు తెలియు సంగతి ఎలుకయందు రెండేండ్లకే తెలియవచ్చును. మధ్యమధ్య తూచుచు, రక్తము పరీక్షించుచు, తుదకు వానిని చంపి కాలేయము, మూత్రపిండములు, ప్రేగులు మొదలగు అవయవములను సూక్ష్మదర్శినితో పరిశీలింతురు. చిట్టెలుకలు, కుక్కలు, కుందేళ్లు మొదలగు జంతువులపై గూడ ఈ పరీక్షలు జరుగును. ఈ మూగజీవుల కష్టము చిన్నది కాదు. కాని వానికి మాఱుగా పరీక్షింపబడువారు మన బిడ్డలే యగుదురు గనుక ఈ పద్ధతి నేటికిని పూర్తిగా పోలేదు.

అపకారమేమియు కనబడని అత్యధికమైన మోతాదు ఏదియో ముందుగా నిర్ణయించి దానిని సాధారణముగా 100 చేత భాగింతురు. 1954వ సంవత్సరమున అమెరికా ఆహారశాఖలోని లేమన్, ఫిట్జ్‌హ్యూ అను శాస్త్రజ్ఞులు ఈ లెక్కను ప్రతిపాదించిరి. జంతువుకంటె మనుష్యుడు పది రెట్లు సుకుమారుడై యుండవచ్చుననియు, మనుష్యులలో బలహీనుడు బలవంతునికంటె మఱి పది రెట్లు సుకుమారుడై యుండవచ్చుననియు తలచి, పదిని పదిచే హెచ్చించి నూఱు చేసిరి. ఆ భాగింపగా వచ్చిన దానిని దేహపు బరువులో ప్రతి కిలోగ్రామునకు దినమునకు ఇన్ని మిల్లీగ్రాములని చెప్పుదురు. ప్రతిదినము, జన్మాంతము తినినను బాధ లేదని యెంచిన పరిమితి అది. ఒకనాడు దానిని దాటినంత మాత్రమున ప్రాణహాని యని అర్థము గాదు.

జాతికిని జాతికిని భేదమెంత యుండునో కోళ్లను పెంచు సభ్యులకు తెలిసియే యుండును. కోళ్ల దాణాలో రక్తవిరేచనముల నివారణకై కలుపు మోనెన్సిన్ అను మందు కోళ్లకు నిరపాయము. ఆ దాణా పొరపాటున గుఱ్ఱమునకు పెట్టినచో గుండె దెబ్బతిని చచ్చును. కోడి తినుచున్నది గదా యని గుఱ్ఱమునకు పెట్టరాదు. అటులే ఎలుకకు పడలేదు గనుక మనుష్యునకు పడదనియు, ఎలుకకు పడినది గనుక మనుష్యునకు పడుననియు గ్రుడ్డిగా చెప్పరాదు. ఏ దారిని ఆ ద్రవ్యము దేహమున మార్పుచెందుచున్నదో తెలియవలెను.

ఇందుకు కూమరిన్ కథకంటె మంచి ఉదాహరణము లేదు గనుక దానిని కొంత విస్తరించి చెప్పుదుము.

దక్షిణ అమెరికాలో టోంకా అను మహావృక్షము కలదు. అది మన కందిసెనగల కుటుంబమునకే చేరినది. దాని గింజకు కోసి ఆరవేసిన పచ్చగడ్డి వాసనవంటి కమ్మని వాసన యుండును. 1820వ సంవత్సరమున ఆ గింజనుండి కూమరిన్ అను తెల్లని స్ఫటికములను వేఱుచేసిరి. 1868లో విలియం పెర్కిన్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు దానిని పరిశోధనశాలలో తయారుచేసెను. అప్పటినుండి అది చౌకయై వెనీలా వాసనకు తోడుగా మిఠాయిలలోను, పానీయములలోను విరివిగా వాడబడెను. ఎనుబది యేండ్లు ఎవరును దానిని శంకింపలేదు. పిమ్మట ఎలుకలకును, కుక్కలకును పెట్టి చూడగా వాని కాలేయములు చెడిపోయినవి. 1954లో అమెరికా ప్రభుత్వము కూమరిన్ కలిపిన ఆహారమును కల్తీ ఆహారముగా ఎంచవలెనని ఉత్తరువు చేసెను.

కథ అంతటితో ముగియలేదు. 1993లో ప్రకటింపబడిన అమెరికా ప్రభుత్వ పరీక్షలలో కూమరిన్‌ను మొక్కజొన్న నూనెలో కలిపి గొట్టముద్వారా ఎలుకల కడుపులోనికి రెండేండ్లపాటు పంపిరి. చిట్టెలుకలకు దేహపు బరువు కిలో ఒక్కింటికి 200 మిల్లీగ్రాముల వఱకు ఇచ్చిరి. ఆడ చిట్టెలుకల ఊపిరితిత్తులలోను, కాలేయములోను కణుతులు పుట్టినవి. ఇది చూచి భయపడుట సహజమే. కాని శాస్త్రజ్ఞులు ఇంకొక సంగతి కనుగొనిరి. ఎలుకల కాలేయములో కూమరిన్ విషకరమైన ఒక పదార్థముగా మాఱును. మనుష్యులలో అత్యధిక సంఖ్యాకుల కాలేయములో అది వేఱొక దారిని బోయి, నిరపాయమైన పదార్థమై మూత్రముద్వారా వెడలిపోవును. ఇంతవఱకు మనకు అనుకూలమే. అయితే ఆ మంచి దారి పుట్టుకతోనే మూసుకొనిపోయిన మనుష్యులును కొందఱు కలరు. వారి ముఖము చూచి ఎవరును గుర్తింపజాలరు. కాళ్ల వాపునకు కూమరిన్‌ను మందుగా పుచ్చుకొనిన రోగులలో కొందఱికి కాలేయ వ్యాధి కలిగినది. కాబట్టి ఎలుకల సాక్ష్యము మనయందు పూర్తిగా చెల్లదు, పూర్తిగా కొట్టివేయుటకును వీలులేదు.

ఐరోపా ఆహారరక్షణ సంస్థ 2004లో ఈ సాక్ష్యమంతయు విచారించెను. కూమరిన్ బీజకణములలోని మూలద్రవ్యమును చెఱుపదనియు, కాలేయమునకు చేయు హానియే ముఖ్యమనియు తేల్చెను. అందఱికంటె సుకుమారమైన జంతువు కుక్క యని తేలినందున, రెండేండ్ల పరీక్షలో కుక్కకు హాని చేయని 10 మిల్లీగ్రాములను తీసికొని, నూఱుచే భాగించి, దేహపు బరువు కిలోకు 0.1 మిల్లీగ్రాము దినపరిమితిగా నిర్ణయించెను. చిట్టెలుకలకు పెట్టిన పై మోతాదు దీనికి రెండువేల రెట్లు.

మన దేశములోను కూమరిన్‌ను ఆహారమున విడిగా కలుపుట నిషిద్ధమే. అయినను అది మన యింట లేదని ధైర్యపడరాదు. బజారున దాల్చినచెక్క పేరుతో అమ్ముడుపోవుదానిలో చాలభాగము దాల్చిన గాదు. అది కాసియా అను వేఱొక చెట్టు పట్ట. చైనా, వియత్నాము, ఇండోనేషియా దేశములనుండి దిగుమతి యగుచున్నది. సింహళములోను, కేరళములోను పెరుగు అసలు దాల్చినలో కూమరిన్ లేశమాత్రమే. కాసియాలో కిలో ఒక్కింటికి సగటున 3000 మిల్లీగ్రాములుండునని జర్మనీ ప్రభుత్వ సంస్థ వెల్లడించినది. 2006వ సంవత్సరమున క్రిస్మస్ పండుగ నాళ్లలో అచ్చటి పిల్లలు తిను దాల్చిన బిస్కత్తులలో కూమరిన్ మితిమీరి యుండుట చూచి ఆ దేశమందు గొప్ప కలవరము పుట్టెను. తరువాత ఐరోపాలో పండుగ పిండివంటలకు కిలోకు 50 మిల్లీగ్రాములని పరిమితి విధించిరి.

మన లెక్క మనము చూచుకొందము. అరువది కిలోల బరువు గల మనుష్యునకు దినపరిమితి 6 మిల్లీగ్రాములు. కాసియా పొడి గ్రామునకు 3 మిల్లీగ్రాముల చొప్పున రెండు గ్రాములతో ఆ పరిమితి నిండును. పదునైదు కిలోల పసివానికి అరగ్రాముతోనే నిండును. పలావులోనో, మసాలాలోనో నెలకు నాలుగుసార్లు చిన్నముక్క వేసికొనువారికి దీనివలన చింత యేమియు లేదు. అయితే మధుమేహము తగ్గునని ఎవరో చెప్పగా విని, దినమునకు ఒకటి రెండు చెంచాల పట్టపొడి నీళ్లలో కలిపి నెలల తరబడి త్రాగువారు మన గ్రామములలోను కలరు. ఒక చెంచాడు పొడి సుమారు రెండున్నర గ్రాములు తూగును. వీరు ప్రతిదినము పరిమితిని దాటుచున్నారు. వారిలో కాలేయము ముందే చెడినవారు, మద్యపానము చేయువారు ఉన్నచో అపాయము హెచ్చు. అట్టివారు ఆ అలవాటు వెంటనే మాని, ఔషధ విషయము వైద్యునితో చెప్పుకొనుట మంచిది.

రెండు పట్టలను కంటితోనే గుర్తింపవచ్చును. కాసియా దళసరిగా, గట్టిగా, ఒకే బెరడు రెండంచులనుండి లోనికి చుట్టుకొనినట్లుండును. చేతితో విఱుచుట కష్టము. అసలు దాల్చిన కాగితమువలె పలుచనై, పొర లోపల పొరగా చుట్టవలె నుండి, వ్రేళ్లతో నలిపిన మాత్రమున పొడియగును. వెల కూడ చాల హెచ్చు. పొడియైన తరువాత ఈ గుర్తులేవియు మిగులవు గనుక చెక్కగా కొని యింట దంచుకొనుటయే మేలు.

కూమరిన్ మాట వచ్చినది గనుక పశువులవారికి ఆసక్తి కలిగించు సంగతి యొకటి చెప్పక విడువజాలము. 1920 ప్రాంతముల ఉత్తర అమెరికాలో తీపి క్లోవరు అను పశుగ్రాసము మేసిన పశువులు చిన్నగాయమునకే రక్తము గడ్డకట్టక చచ్చుచుండెను. కొమ్ములు తీసినను, విత్తులు కొట్టినను రక్తము ఆగకుండెను. తడిసి బూజుపట్టిన గడ్డి తినినవానికే ఇట్లగుచున్నదని పశువైద్యులు కనిపెట్టిరి. 1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ రాష్ట్రపు రైతు ఒకడు చచ్చిన పెయ్యను, గడ్డకట్టని రక్తముతో నిండిన పాలడబ్బాను, ఆ గడ్డిని బండిలో వేసికొని మంచుతుపానులో దూరప్రయాణము చేసి కార్ల్ లింక్ అను ఆచార్యుని పరిశోధనశాలకు తెచ్చెను. ఆఱేండ్లు పాటుపడి ఆయన శిష్యులు అందలి విషమును వేఱుచేసిరి. క్లోవరు గడ్డిలో సహజముగా నుండు కూమరిన్ సంబంధమైన పదార్థమును బూజు డైకూమరాల్ అను విషముగా మార్చుచున్నదని తేలెను. దానినుండియే వార్ఫరిన్ అను ఎలుకల మందు 1948లో పుట్టినది. అదియే నేడు గుండెరోగులకు రక్తము గడ్డకట్టకుండ ఇచ్చు ఔషధము గూడ. కూమరిన్ మాత్రము తనంతట రక్తమును పలుచన చేయదు. ఈ రెండింటిని కలిపివేసి భయపడువారు చదువుకొన్నవారిలోను కలరు. బూజుపట్టిన మేతను పశువులకు వేయరాదను మన పెద్దల మాట మాత్రము ఇందువలన మఱింత బలపడినది.

ఇక వస విషయము. మన యిండ్లలో పసిపిల్లలకు మాటలు త్వరగా వచ్చునని వసకొమ్మును సానమీద అరగదీసి నాలుకకు రాయుట అనాదిగా ఉన్న ఆచారము. అతిగా మాటలాడువానిని చూచి చిన్నప్పుడు వస పోసినారా యని నేటికిని హాస్యమాడుదుము. వస నూనెను పాశ్చాత్య దేశములలో మద్యములకును, పానీయములకును వాసన కొఱకు కలుపుచుండిరి. జమ్మూ ప్రాంతపు వస నూనెను మేతలో కలిపి రెండేండ్లు ఎలుకలకు పెట్టగా వాని చిన్నప్రేగులలో రాచపుండ్లు పుట్టినవి. 1968లో అమెరికా ప్రభుత్వము వసను, వస నూనెను ఆహారమున వాడరాదని నిషేధించెను. దోషము బీటా ఆసరోన్ అను ద్రవ్యమునది. భారతదేశపు వసలో ఇది మిక్కిలి హెచ్చు. నూనెలో ముప్పాతిక వంతు వఱకు ఉండవచ్చును. ఉత్తర అమెరికాలో సహజముగా పెరుగు వసరకములో ఇది లేదు. వరిలో రకములున్నట్లే వసలోను రకములున్నవి. మన దురదృష్టవశమున మనకు దొరకినది దోషము గల రకము.

అరగదీసిన గంధములో నాలుకకు తగులునది చాల కొద్ది యనియు, ఎలుకలు తినినది రెండేండ్లు ప్రతిదినమనియు మేమెఱుగుదుము. అందువలన చిన్నప్పుడు వస నాకినవారు ఇప్పుడు బెంగపడవలసిన పనిలేదు. అయితే దీనివలన మాటలు వచ్చునని ఋజువేమియు లేదు. లాభము లేనిచోట కొద్ది అపాయము మాత్రమేల? శిశువునకు ఆఱు నెలలు నిండువఱకు తల్లిపాలు తప్ప వేఱేమియు పెట్టరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడ చెప్పుచున్నది. సానమీది మురికి, కడుగని కొమ్ము, వ్రేలి మైల పసివాని కడుపులో చేరి విరేచనములు పట్టుకొనుట వసలోని విషముకంటె సమీపమున నున్న అపాయము. పెద్దమ్మలకు, అమ్మమ్మలకు ఇది చెప్పుట సులభము గాదు. అయినను చెప్పవలసినదే.

వసవంటిదే సాసఫ్రాస్ అను అమెరికా చెట్టు వేరు. దాని వాసనతో అచ్చటివారు చేయు పానీయము తరతరములుగా ప్రసిద్ధము. అందలి సాఫ్రోల్ అను ద్రవ్యము ఎలుకల కాలేయములో కణుతులు పుట్టించినందున 1960లో దానిని నిషేధించిరి. మన జాజికాయలోను, మిరియములలోను సాఫ్రోల్ కొద్దిగా కలదు. వంటలో వేయు మోతాదునకు దానిని గూర్చి ఆందోళన అనవసరము.

ఏ దారిని లోనికి పోయినదను విషయమును గూడ చూడవలెను. ఇందుకు టేస్టింగ్ సాల్ట్ అని మన హోటళ్లవారు పిలుచు మోనోసోడియం గ్లూటమేట్ మంచి నిదర్శనము. 1908లో జపానుదేశపు ఆచార్యుడు ఇకెడా సముద్రపు నాచు చారునుండి ఈ రుచిని కనుగొనెను. మఱుసటి యేట అజినొమోటో పేరున అమ్మకము మొదలయ్యెను. 1969లో అమెరికాలో జాన్ ఓల్నీ అను వైద్యుడు అప్పుడే పుట్టిన చిట్టెలుకలకు దీనిని చర్మము క్రింద సూదితో ఎక్కించెను. వాని మెదడులో ఒకభాగము చెడి, పెరిగిన పిమ్మట అవి పొట్టివై, క్రొవ్వెక్కి, ఆడవి గొడ్డువోయెను. ఈ వార్త ప్రపంచమంతట ప్రాకెను. ఆ యేటనే అమెరికాలో శిశువుల ఆహారమున దానిని కలుపుట మానిరి.

ఓల్నీ చూచినది అబద్ధము గాదు. కాని ఆయన వాడిన మోతాదు దేహపు బరువు గ్రామునకు అర మిల్లీగ్రాము మొదలు నాలుగు మిల్లీగ్రాముల వఱకు. పది కిలోల బిడ్డకు ఆ లెక్కను 5 గ్రాముల నుండి 40 గ్రాములు ఒక్కమాఱుగా సూదితో ఎక్కింపవలెను. నోటితో తినిన గ్లూటమేట్‌లో చాలభాగమును ప్రేగుల గోడలే ఖర్చుచేసికొనును. రక్తములోనికి చేరునది స్వల్పము. తల్లిపాలలోను, మనము పండించు పండిన టమాటలోను ఇదే గ్లూటమేట్ స్వభావముగా కలదు. ఐరోపా సంస్థ 2017లో మరల విచారించి, ఎలుకలలో కిలోకు 3200 మిల్లీగ్రాముల వఱకు హాని లేదని చూచి, నూఱుచే భాగించి, దేహపు బరువు కిలోకు 30 మిల్లీగ్రాములు దినపరిమితిగా పెట్టినది. అరువది కిలోల మనుష్యునకు 1.8 గ్రాము. అనగా అరచెంచాడునకు లోపే. బండిమీద నూడిల్సు వండువాడు చూపు కొలత లేక గరిటెతో చల్లుచుండగా చూచినవారికి ఈ పరిమితి దాటుట ఎంత సులభమో తెలియును. చిటికెడు హాని గాదు, గుప్పెడు తగదు. పండ్రెండు నెలలలోపు శిశువులకు ఇది తగదని పొట్లముపై ముద్రింపవలెనని మన దేశపు నిబంధన. ఈ మాటను తల్లులు చదువుకొనవలెను, చదువురానివారికి ఇంటిలోని పిల్లలు చదివి వినిపింపవలెను.

దీనికి విపర్యయమైన కథ వెన్నవాసనది. మజ్జిగలోను, వెన్నలోను స్వభావముగా నుండు డయాసిటైల్ అను ద్రవ్యమును తినుటవలన దోషము కనబడలేదు. కాని 2000వ సంవత్సరమున అమెరికాలోని మిస్సోరి రాష్ట్రమున మొక్కజొన్న పేలాల కర్మాగారములో పనిచేసిన ఎనిమిదిమందికి ఊపిరి గొట్టములు పూడుకొనిపోవు తీరని జబ్బు పట్టుకొన్నట్లు బయటపడెను. వేడియైన వెన్నవాసన తైలపు ఆవిరిని వారు దినదినము పీల్చిరి. ఎలుకలను ఆఱు గంటలు ఆ ఆవిరిలో ఉంచగా వాని ముక్కు, శ్వాసనాళముల లోపలి పొర కాలినట్లయ్యెను. తినువానికి ఏమియు గాలేదు, వండువాని ప్రాణము మీదికి వచ్చినది. మన సభ్యుల బిడ్డలు మిఠాయి, పేలాల కర్మాగారములలో కూలికి పోవుచున్నచో అక్కడ గాలి బయటికి పోవు మార్గమున్నదా, ముఖమునకు తగిన మూత ఇచ్చుచున్నారా యని విచారింపవలెను.

ఎలుకల సాక్ష్యము కొట్టివేయబడిన సందర్భము గూడ ఒకటి కలదు. 1879లో కనుగొనబడిన సాకరిన్ వాసనద్రవ్యము గాదు, తీపిద్రవ్యము. మేతలో నూటికి అయిదు పాళ్లు, అంతకు మించియు కలిపి పెట్టగా మగ ఎలుకల మూత్రాశయములో కణుతులు పుట్టినవి. 1977లో కెనడా దానిని నిషేధించినది, అమెరికాలో హెచ్చరిక ముద్రింపవలసి వచ్చినది. తరువాత పరిశీలింపగా ఆ మోతాదున మగ ఎలుకల మూత్రములో ఒక విధమైన ఇసుకవంటి గసి ఏర్పడి మూత్రాశయపు గోడను ఒరయుచున్నదనియు, మనుష్యుల మూత్రము అట్టిది కాదనియు తేలెను. 2000లో అమెరికా దానిని రాచపుండు ద్రవ్యముల జాబితానుండి తీసివేసెను. అయితే అమెరికాలో 1958లో వచ్చిన చట్టము వేఱు మార్గమున నడచును. మనుష్యునకుగాని, జంతువునకుగాని రాచపుండు కలిగించునని తేలిన ద్రవ్యమును, మోతాదుతో నిమిత్తము లేక, ఆహారమున చేర్చరాదని ఆ చట్టపు నియమము. ఈ నియమముననుసరించియే 2018లో మఱి కొన్ని కృత్రిమ వాసనద్రవ్యములకు అచ్చట అనుమతి తీసివేసిరి. వాడుకలోని మోతాదున ప్రజలకు అపాయము లేదని అధికారులు చెప్పుచునే చట్టమునకు కట్టుబడి తీసివేయవలసి వచ్చినది. పత్రికలలో రెండు విధముల మాటలు కనబడుటకు ఇట్టి భేదములే చాలవఱకు కారణము. ఒకరు ద్రవ్యస్వభావమును చెప్పుచున్నారు, మఱియొకరు మోతాదును చెప్పుచున్నారు.

మన దేశపు నిబంధనలలో కూమరిన్, టోంకా గింజ, బీటా ఆసరోన్, సాఫ్రోల్, ఎస్ట్రగోల్, థుజోన్, యూజెనిల్ మిథైల్ ఈథర్ మొదలగునవి వాసనద్రవ్యములుగా కలుపరాదని పేర్లతో సహా నిషేధింపబడి యున్నవి. వాసనను కరగించుటకు డైఎథిలీన్ గ్లైకాల్ అను ద్రవమును వాడుటయు నిషిద్ధము. ఎలుకలకంటె ముందు మనుష్యులే దానికి బలియైరి. 1937లో అమెరికాలో ఆ ద్రవముతో చేసిన మందు త్రాగి నూఱుమందికి పైగా మరణించిరి.

ఈ నిషేధములు పెద్ద కంపెనీల సీసాలమీద చాలవఱకు పనిచేయును. సంతలలో పేరులేని సీసాలలోను, విడిగా కొలిచియు అమ్ము ఎసెన్సులో ఏమున్నదో ఎవరును చెప్పజాలరు. ఐసు పుల్లలు చేయువారును, పెండ్లి వంటవారును చౌక యని కొనునది దీనినే. సీసాపై చేసినవారి పేరు, చిరునామా, చేసిన తేది, వాడదగిన గడువు, ఆహారపు సరుకులో వాడదగినదను మాట, భారత ఆహారభద్రతా సంస్థ వారి 14 అంకెల అనుమతి సంఖ్య ఉండవలెను. వేసవిలో తమ ఊరికి వచ్చు ఐసు బండివానిని, తమ యింట వంటకు కుదిరిన వంటవానిని ఆ సీసా చూపుమని సభ్యులు నిస్సంకోచముగా అడుగవచ్చును.